యంత్రాల వద్ద కాలుజారడం వలన కలిగే చేతి గాయాలు

తిరుగుతున్న యంత్రం సమీపంలో పనిచేసే వ్యక్తి కాలు జారినప్పుడు, పడకుండా ఆపుకొనేందుకు చాచిన చేయి యంత్రభాగాలలో చిక్కుకొని గాయపడటం పారిశ్రామిక ప్రమాదాలలో ఒక ముఖ్యమైన రకం. ఇందులో కారణం పాదం కింద ఉంటుంది, ఫలితం చేతిమీద పడుతుంది. ఈ రెంటి నడుమ గడిచే కాలం ఒక్క సెకను కంటే తక్కువ. ఇటువంటి ప్రమాదాలను సాధారణంగా కార్మికుని అజాగ్రత్త కింద జమకట్టడం ఆనవాయితీ. కాని తడిసిన నేల, కప్పులేని యంత్రం అనే రెండు లోపాలు ఒకేచోట కలిసినప్పుడు మాత్రమే జారుడు అంగవైకల్యంగా మారుతుంది. యంత్రానికి సరియైన రక్షణ కవచం ఉన్నచోట జారిన మనిషికి మోకాలు దోక్కుపోవచ్చు గాని వేళ్ళు పోవు.

తెలంగాణ రాష్ట్రం, వికారాబాదు జిల్లాలోని పెద్దేముల్, తాండూరు ప్రాంతపు పరిశ్రమల ఆధారంగా ఈ ప్రమాదాల స్వభావం, నివారణ, ప్రథమ చికిత్స, చట్టపరమైన రక్షణలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

పెద్దేముల్ - తాండూరు ప్రాంతపు పరిశ్రమలు

పెద్దేముల్ వికారాబాదు జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఇది రంగారెడ్డి జిల్లాలో ఉండేది. దీనికి సమీప పట్టణమైన తాండూరు, కాగ్నా నది పరీవాహక ప్రాంతంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంది. ఈ ప్రాంతపు భూగర్భంలో భీమా శ్రేణికి చెందిన సున్నపురాయి పొరలుపొరలుగా ఉంటుంది. పలకలుగా తేలికగా విడివడే ఈ రాయిని నాపరాయి అనీ, తాండూరు బండ అనీ, కర్ణాటకలోని షాబాదు పట్టణం పేరుతో షాబాదు బండ అనీ పిలుస్తారు. గనులలో తీసిన బండలను కోసి, నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు తాండూరు చుట్టుప్రక్కల ఉన్నాయి. ఇదే సున్నపురాయి ఆధారంగా సిమెంటు పరిశ్రమ కూడా ఇక్కడ ఏర్పడింది. ప్రభుత్వరంగ సంస్థ అయిన సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం తాండూరు సమీపంలోని కరన్‌కోటలో ఉంది.

వ్యవసాయంలో కంది ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన పంట. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. కందులను పప్పుగా మార్చే మిల్లులు పట్టణంలో ఉండగా, పంటకోతల కాలంలో నూర్పిడి యంత్రాలు పల్లెలకే వస్తాయి. అంటే బండ, సిమెంటు, పప్పు అనే మూడు ఉత్పత్తుల వెనుక కూడా తిరిగే చక్రాలు, రోలర్లు, బెల్టులు ఉన్నాయి. వాటి పక్కన రోజంతా నిలబడి పనిచేసే మనుషులు ఉన్నారు.

ప్రమాదం జరిగే తీరు

నడిచేటప్పుడు పాదానికీ నేలకూ మధ్య గల ఘర్షణ మనిషిని నిలబెడుతుంది. నీరు, నూనె, మెత్తని పొడి లేదా గుండ్రని గింజలు ఈ రెండింటి నడుమ చేరినప్పుడు ఘర్షణ తగ్గి పాదం జారుతుంది. శరీరం పక్కకు ఒరిగిన వెంటనే చేతులు అసంకల్పితంగా ముందుకు చాచుకొని దగ్గరలో ఉన్న ఆధారాన్ని వెదకుతాయి. ఇది ఆలోచించి చేసే పని కాదు. మెదడు నిర్ణయం తీసుకొనే లోపలే నాడీమండలం చేసే రక్షణ చర్య ఇది. దగ్గరలో ఉన్న ఆధారం గోడ అయితే మనిషి బయటపడతాడు. అది తిరుగుతున్న పుల్లీ అయితే చేయి దానిలోకి పోతుంది.

అపాయాన్ని గమనించి స్పందించడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఈ వ్యవధిలో యంత్రం ఏమి చేయగలదో ఈ క్రింది లెక్కల వలన తెలుస్తుంది.

- 350 మి.మీ. వ్యాసం గల కోత చక్రం నిమిషానికి 1,500 సార్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు సుమారు 27 మీటర్లు. 0.2 సెకనులో 5 మీటర్లకు పైగా అంచు చేతిమీదుగా సాగిపోతుంది.
- 300 మి.మీ. వ్యాసం గల పుల్లీ నిమిషానికి 600 సార్లు తిరిగితే దాని మీది బెల్టు వేగం సెకనుకు 9 మీటర్లు దాటుతుంది. 0.2 సెకనులో బెల్టు సుమారు 1.9 మీటర్లు కదులుతుంది. ఇది మనిషి చేతి పొడవు కంటే ఎక్కువ.
- సెకనుకు ఒక మీటరు వేగంతో మెల్లగా కదిలే కన్వేయరు బెల్టు సైతం అదే వ్యవధిలో చేతిని 20 సెంటీమీటర్లు లోపలికి లాగగలదు.

కాబట్టి చేయి చిక్కిన తర్వాత వెనుకకు లాక్కోవడానికి సమయం ఉండదు. జాగ్రత్తగా ఉండమని చెప్పే హెచ్చరిక బోర్డు మనిషి మనస్సుపై పనిచేస్తుంది. జారిన క్షణంలో మనస్సుకు ప్రమేయం లేదు. కనుక ఈ రకమైన ప్రమాదాన్ని హెచ్చరిక ఒక్కటే ఆపలేదు.

ప్రమాదకర స్థలాలు

నాపరాయి యూనిట్లు

బండలను కోసే చక్రం వేడెక్కకుండా, ధూళి లేవకుండా దానిపై నిరంతరం నీరు పోస్తారు. పాలిషింగ్ యంత్రంలో కూడా నీటితోనే రుద్దుతారు. రాతిపొడి నీటిలో కలిసి తెల్లని మెత్తని బురదగా మారి నేలంతా పరచుకొంటుంది. నునుపైన బండ పరచిన నేలమీద ఈ బురద పడితే అది సబ్బునీటివలె జారుతుంది. బరువైన బండను ఇద్దరు మోస్తూ యంత్రపు బల్లమీదకు చేర్చేటప్పుడు వారి దృష్టి బండమీద ఉంటుందే గాని పాదాలమీద ఉండదు. ఒకరు జారితే బండ బరువు రెండవవారిని చక్రంవైపు నెట్టవచ్చు. ఇక్కడ నీరు తప్పనిసరి. అది లేకుంటే రాతిధూళి ఊపిరితిత్తులలో చేరుతుంది. కాబట్టి నీటిని మానడం కాక, నీరు నిలవకుండా చూడటమే పరిష్కారం.

పప్పు మిల్లులు

కందుల పైపొట్టు వదులయ్యేందుకు ఎమెరీ రోలర్ల మధ్య గీతలు పడేలా చేసి, కొద్దిగా నూనె పట్టించి, తర్వాత నీరు చల్లి ఆరబెట్టడం సంప్రదాయ పద్ధతి. ఈ ప్రక్రియలో నేలపై నూనె మరకలు, మెత్తని పొట్టు చేరుతాయి. రాలిన కందిగింజలు పాదం కింద గోళీలవలె దొర్లుతాయి. మిల్లులలో రోలర్లు, జల్లెడలు, గింజలను పైకి చేర్చే ఎలివేటర్లు ఒకే షాఫ్టు నుండి పలు బెల్టుల ద్వారా నడిచే ఏర్పాటు ఉన్నచోట, నడిచే దారికి ఇరువైపులా బెల్టులు ఉంటాయి.

కన్వేయరు బెల్టులు

బెల్టు పుల్లీని తాకి లోపలికి పోయే చోటు అత్యంత ప్రమాదకరమైనది. ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్ల నడుమ ఉండే ఇరుకు కూడా ఇటువంటిదే. అక్కడ తాకిన వస్తువు దేనినైనా యంత్రం లోపలికి లాగుకొంటుంది. బెల్టు చివర రాలిపడిన పొడిని పారతో ఎత్తే సమయంలో, లేదా పుల్లీకి అంటిన ముద్దను గీకే సమయంలో కాలుజారితే చేయి నేరుగా ఈ ఇరుకులోకి పోతుంది.

నూర్పిడి యంత్రాలు

పొలంలో యంత్రం నోటికి కట్టలు అందించేవారు పొట్టు, కంది కట్టెల కుప్పమీద నిలబడి పనిచేస్తారు. ఆ కుప్ప పాదం కింద కదిలితే చేయి నూర్పిడి డ్రమ్ములోకి పోవచ్చు. ఇటువంటి యంత్రాల అదుపు కొరకు 1983లో ప్రమాదకర యంత్రాల (నియంత్రణ) చట్టం వచ్చింది. నూర్పిడి యంత్రాల భద్రతకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 9020 అనే ప్రమాణాన్ని రూపొందించింది. దీని ప్రకారం మేత వేసే తొట్టి కనీసం 900 మి.మీ. పొడవు ఉండి, అందులో డ్రమ్ము వైపు కనీసం 450 మి.మీ. పైకప్పుతో ఉండాలి. ముందుకు పడిన మనిషి చేయి కూడా డ్రమ్మును అందుకోకుండా చూడటమే ఈ కొలతల ఉద్దేశం.

గాయాల రకాలు

- కోత గాయాలు: చర్మంతో పాటు వేళ్ళను కదిలించే స్నాయువులు, నరాలు, రక్తనాళాలు తెగవచ్చు. పైకి చిన్నగా కనిపించే గాయం కింద స్నాయువు తెగి ఉండవచ్చు. వేలు వంచలేకపోవడం, స్పర్శ తెలియకపోవడం దీనికి గుర్తులు.
- నలుగుడు గాయాలు: రోలర్ల నడుమ చిక్కినప్పుడు ఎముకలు, కండరాలు నలిగిపోతాయి. చర్మం చెక్కుచెదరకుండా ఉన్నా లోపల వాపు పెరిగి రక్తప్రసరణ ఆగిపోవచ్చు.
- చర్మం ఊడుట: బెల్టు లేదా రోలరు లాగినప్పుడు చేతితొడుగు విడిచినట్లు చర్మం మొత్తం ఊడిరావచ్చు.
- అంగచ్ఛేదం: వేలు, కొన్ని వేళ్ళు లేదా చేయి పూర్తిగా తెగిపోవుట.

పదునైన అంచుతో తెగిన వేలును తిరిగి అతికించడానికి అవకాశాలు ఎక్కువ. నలిగి లేదా లాగబడి తెగినదానికి ఆ అవకాశం బాగా తగ్గుతుంది.

ప్రథమ చికిత్స

మొదట యంత్రాన్ని ఆపి విద్యుత్తు తీసివేయాలి. చిక్కిన చేతిని విడిపించేందుకు యంత్రాన్ని తొందరపాటుతో వెనుకకు తిప్పరాదు. అందువలన గాయం రెట్టింపు కావచ్చు. యంత్రం తెలిసినవారు భాగాలను వదులుచేసి చేతిని బయటకు తీయాలి.

- శుభ్రమైన గుడ్డతో గాయంమీద గట్టిగా అదిమిపట్టి, చేతిని గుండెకంటే ఎత్తులో ఉంచాలి.
- అదిమినా రక్తం ఆగక ప్రాణాపాయం కనిపిస్తే గాయానికి పైభాగంలో వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టి, కట్టిన సమయం వ్రాసి ఉంచాలి.
- వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, కడియాలు తీసివేయాలి.
- పసుపు, సున్నం, కాఫీపొడి వంటివి గాయంలో పెట్టరాదు.
- తెగిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో ఉంచి మూతి కట్టి, ఆ సంచిని మంచుగడ్డలు కలిపిన నీటిలో పెట్టాలి. మంచుగడ్డ నేరుగా తెగిన భాగానికి తగలరాదు. దానిని నీటిలో నానవేయరాదు.
- శస్త్రచికిత్స అవసరం కావచ్చు కనుక ఆహారం ఇవ్వరాదు.
- ధనుర్వాతం టీకా గురించి వైద్యునికి గుర్తుచేయాలి.

తెగిన వేలు మామూలు ఉష్ణోగ్రతలో సుమారు 12 గంటలు, చల్లగా భద్రపరిస్తే 24 గంటల వరకు అతికించడానికి అనువుగా ఉండవచ్చు. మణికట్టుకు పైన తెగిన చేతిలో కండరం ఎక్కువగా ఉండటం వలన ఈ గడువు సుమారు 6 గంటలకు, చల్లగా ఉంచితే 12 గంటలకు తగ్గుతుంది. తాండూరు నుండి హైదరాబాదు సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే గడువులో ఒక భాగం ప్రయాణానికే పోతుంది. తెగిన వేలును వెదకడంలోను, వాహనం కొరకు ఎదురుచూడటంలోను పోయే సమయాన్ని తగ్గించుకోవాలి. 2005 నుండి అందుబాటులో ఉన్న 108 అంబులెన్సుకు వెంటనే తెలియజేయాలి.

తెగిన చేతిని అతికించే శస్త్రచికిత్స

తెగిపోయిన చేతిని విజయవంతంగా అతికించిన మొదటి శస్త్రచికిత్స 1962లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక పన్నెండేళ్ళ బాలునికి జరిగింది. 1963లో చైనాలోని షాంఘై నగరంలో చెన్ ఝాంగ్‌వే బృందం, యంత్రంలో కుడిచేయి మణికట్టు పైన తెగిపోయిన ఒక కార్ఖానా కార్మికునికి ఆ చేతిని తిరిగి అతికించింది. 1965లో జపానుకు చెందిన కొమత్సు, తమాయి అనే వైద్యులు సూక్ష్మదర్శిని సహాయంతో తెగిన బొటనవేలిని అతికించారు. అప్పటి నుండి ఈ విద్య ఎంతో అభివృద్ధి చెందింది. అయినప్పటికీ అతికించిన వేలికి పూర్వపు బలం, స్పర్శ పూర్తిగా రాకపోవచ్చు. నెలల తరబడి వ్యాయామ చికిత్స అవసరమవుతుంది. చేతిపనిమీదనే బ్రతికే కుటుంబానికి ఆ నెలలు ఆదాయం లేని నెలలు.

నివారణ

నివారణ చర్యలకు ఒక వరుస ఉంది. మొదట యంత్రం, తర్వాత నేల, ఆ తర్వాత పని పద్ధతి, చివర దుస్తులు.

యంత్రం: బెల్టులు, పుల్లీలు, గేర్లు, షాఫ్టు చివరలు వేళ్ళు దూరని జాలీతో లేదా రేకుతో పూర్తిగా కప్పబడాలి. మనిషి పూర్తి బరువుతో మీద పడినా వంగనంత గట్టిగా ఆ కప్పు బిగించి ఉండాలి. కోత చక్రానికి పైభాగంలో కవచం ఉండాలి. పొడవైన కన్వేయరు వెంట ఎక్కడినుండి లాగినా యంత్రం ఆగిపోయే అత్యవసర తాడు ఉండాలి. పట్టుకొనేందుకు యంత్రానికి దూరంగా కమ్మీలు అమర్చితే, జారినవాని చేతికి వేరొక ఆధారం దొరుకుతుంది.

నేల: నీరు నిలవకుండా వాలు, కాలువలు, బురద పేరుకొనే తొట్టి ఏర్పాటు చేయాలి. కార్మికుడు నిలబడేచోట నునుపు బండకు బదులు గరుకు నేల లేదా గాళ్ళున్న ఇనుప పలకలు వేయాలి. బురదను, గింజలను, నూనెను ఎప్పటికప్పుడు తొలగించాలి. పాలిష్ చేసిన బండలు అమ్మకానికే గాని యంత్రం చుట్టూ పరచడానికి తగవు.

పని పద్ధతి: శుభ్రపరచుట, నూనె వేయుట, బెల్టు సరిచేయుట యంత్రం ఆగిన తర్వాతే జరగాలి. స్విచ్చి ఆపడంతో సరిపెట్టక దానికి తాళం వేసి, ఆ తాళంచెవిని లోపల పనిచేసే వ్యక్తే తన వద్ద ఉంచుకోవాలి. విద్యుత్తు పోయి మళ్ళీ వచ్చినప్పుడు యంత్రం దానంతట అదే తిరగకుండా ఏర్పాటు ఉండాలి.

దుస్తులు: వ్రేలాడే తువాలు, చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా చేతులు, ఉంగరాలు, గాజులు తిరిగే యంత్రం వద్ద ఉండరాదు. పట్టుగల అడుగు ఉన్న బూట్లు అవసరం. చెప్పులు, అరిగిన రబ్బరు స్లిప్పర్లు పనికిరావు. బండలు మోసేటప్పుడు చేతితొడుగులు మేలుచేస్తాయి. కాని తిరిగే షాఫ్టు, డ్రిల్లు వంటి వాటి వద్ద అవే తొడుగులు చిక్కుకొని చేతిని లోపలికి లాగుతాయి.

చట్టాలు

ఇంగ్లాండులో 1844 ఫ్యాక్టరీల చట్టం యంత్రాలకు కంచె ఉండాలని నిర్దేశించింది. భారతదేశంలో 1881 నాటి మొదటి ఫ్యాక్టరీల చట్టంలోనే ప్రమాదకర యంత్రాలకు కంచె వేయించే నిబంధన చేరింది. స్వాతంత్ర్యానంతరం వచ్చిన ఫ్యాక్టరీల చట్టం, 1948 ఈ విషయాన్ని వివరంగా చెప్పింది. 21వ సెక్షను ప్రమాదకర భాగాలకు కంచె గురించి, 22వ సెక్షను తిరుగుతున్న యంత్రం వద్ద పని గురించి, 24వ సెక్షను విద్యుత్తును తెగ్గొట్టే సాధనాల గురించి, 32వ సెక్షను నేల, మెట్లు, దారుల గురించి నిర్దేశించాయి. మనుషులు జారిపడేందుకు అవకాశమిచ్చే పదార్థాలు నేలపై ఉండరాదని 32వ సెక్షను స్పష్టంగా పేర్కొన్నది. నేలకు ఒక సెక్షను, యంత్రానికి మరొక సెక్షను ఉన్నప్పటికీ, ప్రమాదం మాత్రం ఆ రెండింటి కూడలిలో జరుగుతుంది.

1955లో బ్రిటన్ ప్రభువుల సభ ఒక సానరాయి చక్రం కేసులో, కంచె వేయవలసిన బాధ్యత సంపూర్ణమైనదనీ, కంచె వేస్తే యంత్రం పనికిరాకుండా పోతుందన్న వాదన చెల్లదనీ తీర్పు ఇచ్చింది. ఆ కేసులో గాయపడినది ఒక కార్మికుని బొటనవేలు.

2025 నవంబరు 21 నుండి 1948 చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 అమలులోకి వచ్చింది. పాత చట్టం ప్రకారం విద్యుత్తు ఉపయోగించేచోట 10 మంది, లేనిచోట 20 మంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఈ సంఖ్యలు 20, 40గా మారాయి. చిన్న యూనిట్లు ఎక్కువగా ఉండే పరిశ్రమలలో ఈ మార్పుకు ప్రాధాన్యం ఉంది. పనివారి సంఖ్య తగ్గినంత మాత్రాన చక్రపు వేగం తగ్గదు.

నష్టపరిహారం

కార్మికుల నష్టపరిహార చట్టం, 1923 (2010 నుండి ఉద్యోగుల నష్టపరిహార చట్టం) అంగనష్టాన్ని సంపాదనాశక్తిలో కలిగే తగ్గుదల శాతంగా లెక్కించింది. దాని మొదటి షెడ్యూలులోని కొన్ని అంశాలు:

- రెండు చేతులు: 100 శాతం
- ఒక చేయి, లేదా ఒక చేతి బొటనవేలితో సహా అన్ని వేళ్ళు: 60 శాతం
- ఒక చేతి నాలుగు వేళ్ళు: 50 శాతం
- బొటనవేలు: 30 శాతం
- చూపుడువేలు: 14 శాతం
- మధ్యవేలు: 12 శాతం
- ఉంగరపువేలు లేదా చిటికెనవేలు: 7 శాతం

పూర్తి అంగవైకల్యానికి నెల వేతనంలో 60 శాతాన్ని వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించేవారు. ఉదాహరణకు 30 సంవత్సరాల వయస్సుకు గుణకం 207.98. లెక్కకు తీసుకొనే వేతన పరిమితి 2020 నుండి రూ. 15,000. ఈ వేతనంపై మొత్తం రూ. 18,71,820 కాగా, బొటనవేలు పోయినవానికి అందులో 30 శాతం, అనగా రూ. 5,61,546 వస్తుంది. ఈ చట్టం కూడా 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా కోడ్, 2020లో విలీనమైంది. ఉద్యోగుల రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) పరిధిలో ఉన్నవారికి యజమాని నుండి కాక బీమా సంస్థ నుండి వైకల్య భత్యం లభిస్తుంది.

1923 చట్టంలో తరచుగా విస్మరించబడే అంశం ఒకటి ఉంది. మద్యం లేదా మత్తుపదార్థాల ప్రభావం, భద్రతా నియమాన్ని బుద్ధిపూర్వకంగా ఉల్లంఘించుట, రక్షణ కవచాన్ని తెలిసితెలిసి తొలగించుట వంటి కొన్ని సందర్భాలలో మాత్రమే యజమాని పరిహారాన్ని నిరాకరించవచ్చు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం కలిగినప్పుడు ఆ కారణాలు కూడా చెల్లవు. కాలుజారడం ఈ జాబితాలో లేదు. కాబట్టి "నీ అజాగ్రత్త వల్లనే జరిగింది" అనే మాట పరిహారం ఎగవేతకు ఆధారం కాదు. ప్రమాదం జరిగిన తేదీ, సమయం, యంత్రం, సాక్షుల పేర్లు వెంటనే వ్రాతపూర్వకంగా నమోదు చేయించుకోవడం, ఆసుపత్రి కాగితాలలో గాయం పనిస్థలంలో జరిగినట్లు వ్రాయించుకోవడం, వేతన ఆధారాలు భద్రపరచుకోవడం గాయపడినవారికీ వారి కుటుంబానికీ ఉపకరిస్తాయి.